సమష్టి బోణీ

బుడమేరు వాగు మా కాంప్లెక్సులోకి చెప్పాపెట్టకుండా వచ్చి, ఉండాలనుకున్నన్నాళ్ళు ఉండి, గోడల మీద నడుమెత్తున ఒక గీత గీసి వెళ్ళిపోయింది. ఇది జరిగింది ఆ తర్వాత రెండో ఏడు. మా కొట్లవాళ్ళం ఏళ్ళకి అంకెలు వాడటం మానేశాం. వరదకి ముందు, వరదకి తర్వాత అంటాం. అందరికీ అర్థమవుతుంది.

నా పేరు యలమంద. గొడుగులు, బ్యాగుల జిప్పులు బాగుచేస్తాను. అనసూయా కాంప్లెక్సు గేటుని ఆనుకుని పైకెళ్ళే మెట్లున్నాయి. వాటి కింద నా చోటు. కాంప్లెక్సుకి పునాదులు తీసేటప్పుడు అక్కడ ఇసక గుట్ట ఉండేది. గుట్ట పక్కన గొడుగు వేసుకుని కూర్చునేవాణ్ణి. గుట్ట పోయి మెట్లొచ్చాయి. నేను లేవలేదు. అప్పటి యజమాని పెద్దాయన చూసి, "ఉండనీండ్రా, మెట్ల కింద ఎవరో ఒకరు ఉండాలి, లేకపోతే కుక్కలు పడుకుంటాయి" అన్నారు. నా దగ్గరున్న పట్టా అదే. పెద్దాయన పోయారు. మాట మిగిలింది.

ఆయన కొడుకులకి కాంప్లెక్సు చూసుకునే తీరిక లేక దాన్ని ఒక సంస్థకి అప్పజెప్పారు. సంస్థ మా మీదికి ఒక అధికారిని పంపింది. ఆయన పేరు కైలాసనాథ్. హోదా, పరివర్తన మరియు సహకార సంచాలకులు. చేతుల్లేని కోటు వేసుకునేవాడు. చేతులు పని చెయ్యటానికి అడ్డం రాకుండా అలా కుట్టించుకున్నాడేమో అనుకున్నాం. తర్వాత తర్వాత తెలిసింది, ఆ చేతులు ఊపటానికి.

మొదటి రోజే కొట్లవాళ్ళందరినీ పిలిచి గోడ మీద పెద్ద బొమ్మ వేసి చూపించాడు. వరదప్పుడు ఎవరో పైఅంతస్తు నుంచి తీసిన ఫోటో.

"వాణిజ్య స్థిరాస్తి రంగం నేడు ఒక కూడలిలో నిలబడి ఉంది" అన్నాడు.

"నిలబడితే ఏమైందంట? మేం పొద్దుగూకులూ నిలబడే ఉంటాం" అంది గాజుల మస్తానమ్మ. ఆమె కొట్టు గేటులోపల మొదటిది. మాట ఎవరి కోసమూ దాచుకోదు.

"ఈ చిత్రంలో మీకేం కనబడుతోంది?"

స్టీలు సామాన్ల పేరయ్యశెట్టిగారు లేచి ముందుకెళ్ళి కళ్ళజోడు సర్దుకున్నారు. "మా ఇత్తడి బిందె అండీ! వరదలో పోయిందనుకున్నా. అదిగో, మిఠాయి కొట్టు గల్లాపెట్టె మీద కూర్చునుంది. ఏమయ్యా ధర్మారావూ, ఏమైంది నా బిందె?"

"నా గల్లాపెట్టే పోతే నీ బిందె సంగతి నాకేం తెలుసు శెట్టిగారూ?" అన్నాడు మిఠాయి ధర్మారావు.

"అదే!" అని కైలాసనాథ్ గారు రెండు చేతులూ ఊపాడు. "ఒకరి బిందె, మరొకరి పెట్టె. హద్దులు లేవు, అడ్డుగోడలు లేవు, అంతా ఒకే ప్రవాహం. ఇదే సహకారం! దశాబ్దాలుగా మనం సాధించలేనిది వరద ఒక్క రాత్రిలో సాధించింది. దాన్ని మనం శాశ్వత ప్రాతిపదికన సాధించబోతున్నాం."

ఆ మాటకి కొందరు బయటికి వెళ్ళి ఆకాశం చూసి వచ్చారు. మబ్బు లేదు. అప్పుడు అర్థమైంది, ఈసారి నీళ్ళు లేకుండా.

గోడ అనేది ఇటుకల సమస్య కాదట, దృక్పథ సమస్యట. అయినా ఇటుకలే పడగొట్టారు. వారం తిరిగేసరికి ఇరవై రెండు కొట్లూ ఒక కొట్టయ్యాయి. షట్టర్లు పీకేశారు. గేటు ఒకటి మిగిలింది. స్తంభాలు కూడా దృక్పథమే అంటాడేమోనని భయపడ్డాం. అనలేదు. అడ్డుపడటానికి ఇంజినీరు ఊళ్ళోనే ఉన్నాడు.

గోడలు పోయాక మిఠాయి కొట్టు నెయ్యి వాసన జాకెట్టు ముక్కలకి పట్టింది. కందిరీగలు లడ్లూ గాజులూ తేడా లేకుండా తిరిగాయి. చీమలు మా అందరికంటే ముందు సహకరించాయి.

కొత్త ఏర్పాటు మొదలైన పొద్దున ఒకావిడ వచ్చింది. టీ జాలీ కావాలంది. శెట్టిగారు జాలీ తీసిచ్చి, నోటు పుచ్చుకుని, అలవాటుగా కళ్ళకద్దుకోబోయారు.

"ఆగండి శెట్టిగారూ" అని ధర్మారావు అడ్డమొచ్చాడు. "ఆ నోటు కళ్ళకద్దుకోకండి. గోడ లేదు. కొట్టొకటే. అంటే బోణీ ఒకటే. అది మీకైతే మాకేం మిగిలినట్టు?"

"నా జాలీ అమ్మాను. నా బోణీ."

"నా లడ్ల ముందునించే గదా నడిచొచ్చింది!"

"నడిచినదానికే బోణీ అయితే ఆవిడ ముందు గేటు కాడ మా యలమంద మామ పక్కనించి నడిచింది. ఇవాళ్టి బోణీ మామది. ఏం మామా?" అంది మస్తానమ్మ.

నేను జిప్పు కుట్టుకుంటూ ఉండిపోయాను. పెద్దగా అనే అలవాటు లేదు.

గొడవ పెరిగింది. కైలాసనాథ్ గారు వచ్చాడు. బోణీ అంటే ఏమిటని అడిగాడు. అందరూ ఒక్కసారే చెప్పారు. పొద్దున మొదటి బేరం. మంచి చేత్తో పడితే ఆ రోజంతా బేరాలే. అది పడేదాకా అరువు లేదు, ఇచ్చిన సరుకు వెనక్కి తీసుకునేది లేదు, గల్లాలోంచి ఒక్క పైసా బయటికి పోనిచ్చేది లేదు. ఆయన వింటూ వింటూ ఉంటే కళ్ళు మెరిశాయి.

"ఇంత గొప్ప సంప్రదాయాన్ని మీరు ఇన్నాళ్ళూ విడివిడిగా, గోడల వెనకాల వాడుకున్నారా?" అన్నాడు.

గంటలో ఉత్తర్వు తయారైంది. శెట్టిగారిని సమష్టి బోణీ సంఘం అధ్యక్షుణ్ణి చేసి ఆయన చేతే మైకులో చదివించారు. నేను మూడో తరగతి దాటలేదు గానీ, తర్వాత రోజూ పొద్దున వినీ వినీ నాకు కంఠతా వచ్చింది.

"ఇకమీదట సముదాయంలో విడి బోణీలు నిషిద్ధం. ప్రతి దినమూ ప్రథమ వినియోగదారు ప్రతి భాగస్వామి వద్దనూ కనీసం ఒక వస్తువు స్వీకరించిన మీదటనే సమష్టి బోణీ సంపన్నమైనట్లు భావించబడును. సమష్టి బోణీ సంపన్నం కానంతవరకు సముదాయ పరిధిలో ఎటువంటి క్రయవిక్రయము గానీ, ఇచ్చిపుచ్చుకోలు గానీ, అప్పగింత గానీ, స్వాధీనము గానీ చెల్లనేరదు."

చివరి ముక్క దగ్గర శెట్టిగారి గొంతు బాగా లేచింది. ఆయన జీవితంలో "చెల్లనేరదు" అని మైకులో అనటం అదే మొదలు. ఆ రుచి ఆయన్ని వదల్లేదు.

జాలీకి వచ్చినావిడ అప్పటికీ అక్కడే ఉంది. పోనివ్వలేదు.

"అయ్యా, మా పాలు పొయ్యి మీదున్నాయి."

"అమ్మా, మీరు మా ప్రథమ వినియోగదారు. ఇదొక ప్రయాణం. ఆస్వాదించండి" అన్నాడు కైలాసనాథ్ గారు.

ఆవిడ ప్రయాణం మధ్యాహ్నానికి ముగిసింది. ఒక గోడ గడియారం, అరకిలో మైసూర్ పాకు, మగవాళ్ళ బనీను, పేలదువ్వెన, వినాయకుడి పటం, కాళ్ళు తుడుచుకునే పట్టా, ఇంకా ఏవేవో రెండు చేతులా పట్టుకుని ఏడుస్తూ నా ముందునించే వెళ్ళింది. ఆ హడావిడిలో జాలీ మాత్రం మర్చిపోయింది.

ఊరు చిన్నది కాదు. కానీ ఇలాంటి కబురు చేరటానికి పెద్ద ఊరు అడ్డం కాదు. మర్నాటి నించి జనం వచ్చారు, గేటు దగ్గర ఆగిపోయారు. రెండోవాడుగా లోపలికి పోవటానికి అందరూ సిద్ధమే. మొదటివాడు లేడు.

"మీరు పదండి."

"అబ్బే, పెద్దవారు, మీ తర్వాతే."

"నాకేం తొందర లేదండీ. ఊరికే నిలబడ్డాను."

పొద్దెక్కేకొద్దీ గేటు బయట మర్యాద పెరిగిపోయేది. లోపల కొట్లవాళ్ళు చేతులు కట్టుకుని జనాన్ని చూసేవాళ్ళు. జనం కొట్లవాళ్ళని చూసేవాళ్ళు. మధ్యలో గేటు బార్లా తెరిచి ఉండేది. ఒకరోజు చూపు మందగించిన ముసలాయన ఒకాయన బస్టాండనుకుని లోపలికి అడుగుపెట్టాడు. ఆ రోజు బోణీ అయింది. పాపం, ఆయన నూజివీడు బస్సు తప్పిపోయింది.

కైలాసనాథ్ గారు గేటు బయటి గుంపుని ఫోటోలు తీయించి పైకి పంపాడు. "ద్వారం వద్ద సందర్శకుల సాంద్రత మునుపెన్నడూ లేని స్థాయికి చేరింది" అని రాశాడట. పైనించి మెచ్చుకుంటూ జవాబొచ్చింది. ఆ సంబరంలో ఆయన గుంపు దగ్గరికి వచ్చి నిలబడి, మొదటిసారి తల వంచి మెట్ల కిందికి చూశాడు.

"ఎవరీయన?"

"మా యలమంద మామండీ. గొడుగులు బాగుచేస్తాడు" అంది మస్తానమ్మ.

"బాగుచేయడం!" అన్నాడు, మురిక్కాలవ కనబడినట్టు. "బాగుచేయడమంటే పాతదాన్ని పాతగానే ఉంచడం. మార్పుకి నేరుగా విరుద్ధం. పైగా ఈ స్థలం మనకి అవసరం. ఇక్కడ సహకార మూల వస్తుంది. బీన్ బ్యాగులు వేస్తాం. భాగస్వాములు వాటిలో కూర్చుని ఆలోచనలు పంచుకుంటారు."

"ఆ మెత్తటి సంచుల్లో కూర్చుంటే నేను లేవలేనండీ. మోకాళ్ళు" అన్నారు శెట్టిగారు.

"లేవాల్సిన అవసరం రాకపోవడమే సహకారం."

ఒకటి చెప్పాలి. నాకు ఇల్లుంది, రేకులది. అక్కడికి ఎవరూ గొడుగు పట్టుకురారు. గొడుగు విరిగినవాడు విరిగిన చోటే తడుస్తూ అటూ ఇటూ చూస్తాడు. ఆ చూపుకి నేను ఆనాలి. గేటూ మెట్లూ బస్టాపూ కలిసిన ఆ మూల తప్ప ఊళ్ళో నాకు ఇంకో చోటు లేదు. అది పోతే నేను గొడుగులు బాగుచేసేవాణ్ణి కాను. ఇంట్లో కూర్చున్న ముసలాణ్ణి.

ఇదంతా నేను ఆయనతో అనలేదు. మస్తానమ్మే అందుకుంది.

"సారూ, నాదొక మాట. మా మామ నోరు విప్పడు. బేరమాడడు. ఏడవడు. పొయ్యి మీద పాలు పెట్టి రాడు. రోజూ పొద్దున్నే ఈయన్ని ముందు లోపలికి పంపిస్తే మీ బోణీ మీకయిపోద్ది, మా బేరాలు మాకు నడుస్తయ్. కాకపోతే ఆయన చోటు ఆయనకుండాల."

కైలాసనాథ్ గారు చాలాసేపు ఆలోచించి, ఆ ఆలోచన తనదేనన్న నిర్ణయానికి వచ్చాడు. "ప్రథమ వినియోగదారుగా ఉన్నంతకాలం ఈ చోటు మీది యలమంద గారూ. మాటిస్తున్నాను" అన్నాడు.

అలా నాకు పదవి వచ్చింది. మెడలో బిళ్ళ వేశారు. ఖర్చంతా మార్పు నిధి కింద రాసుకున్నారు. పొద్దున్నే నా మెట్ల కిందనించి లేచి, రోడ్డు దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, కొత్తవాడిలా గేట్లోకి రావాలి. కైలాసనాథ్ గారు దగ్గరుండి నేర్పించాడు.

"మొహంలో కాస్త ఆశ్చర్యం ఉండాలి."

"రోజూ చూసేదే గదయ్యా."

"అదే. రోజూ కొత్తగా ఆశ్చర్యపోవాలి. అది వినియోగదారు ధర్మం."

ప్రతి కొట్టు దగ్గరా ఒకటి తీసుకునేవాణ్ణి. తీసుకున్నవి సాయంత్రం తిరిగిచ్చేద్దామని చూశాను. శెట్టిగారు చేతులు వెనక్కి పెట్టుకున్నారు. "బోణీ సరుకు వెనక్కి తీసుకుంటే ఇంకేమన్నా ఉందా? అందులోనూ దీపాలు పెట్టే వేళ!" అన్నారు. ఒక్కరూ పుచ్చుకోలేదు. దాంతో సరుకు మెట్ల కింద నా వెనకాల పేరుకుంది. మిగిలింది ఇంటికి మోశాను. ఇంట్లో మనుషులు తిరిగే దారి పోయింది. కోటమ్మ, అంటే నా భార్య, పెళ్ళినాటి నించీ నన్నేమీ అడగని మనిషి, ఒకరోజు అడిగింది.

"ఇన్ని జాలీలేంది? ఊరందరికీ టీ పోస్తన్నావా?"

"ఉద్యోగం" అన్నాను.

"గాజులు?"

"అదీ ఉద్యోగమే. మస్తానమ్మ నీకిమ్మంది."

"ఈ వయసులో మోచేతుల దాకా గాజులేసుకుని నేనెవరికి చూపించను? నీ గొడుగులేమైనయ్?"

బోణీ ముగిసేసరికి మధ్యాహ్నం అయ్యేది. అప్పటిదాకా నేను కూడా సూదీ దారం ముట్టుకోకూడదు, నాదీ సముదాయ పరిధే. పొద్దున వానలో గొడుగు విరిగినవాడు మధ్యాహ్నం దాకా తడుస్తూ నిలబడడు గదా. చోటు దక్కింది. చోటులో చెయ్యాల్సిన పని దక్కలేదు.

లోకం మాత్రం కైలాసనాథ్ గారిని మెచ్చుకుంది. ఆయనకి శాలువా కప్పారు. వేరే ఊళ్ళ కాంప్లెక్సులవాళ్ళు బస్సుల్లో వచ్చి చూసి, రాసుకుని వెళ్ళారు. వాళ్ళూ గోడలు పడగొట్టారు, వాళ్ళూ ప్రథమ వినియోగదారుల్ని పెట్టుకున్నారు. జిల్లాలో మాట్లాడని ముసలాళ్ళకి గిరాకీ వచ్చింది. అరవై దాటి ఉండాలి, బేరం చేయడం రాకూడదు, సొంత సంచీ ఉన్నవారికి ప్రాధాన్యం అని ప్రకటనలు వేశారు. మా బజార్లో ఎప్పుడూ వాగే పిచ్చయ్య కూడా ఆ ఉద్యోగం కోసం వారం రోజులు మూతి బిగించుకున్నాడు. ఇంటర్వ్యూలో ఊరుపేరు అడిగితే ఊరి కథంతా చెప్పాడు. పోయింది.

అన్నిటికీ మీద, సంస్థ పెద్దలే స్వయంగా చూడటానికి వస్తున్నామని కబురు పెట్టారు. ముందురోజు మధ్యాహ్నం కైలాసనాథ్ గారు నా దగ్గరికి వచ్చాడు. చేతులు ఊపలేదు. అప్పుడే అనుకున్నాను.

"యలమంద గారూ, పెద్దలు సహకార మూల ఏదీ అని అడిగితే నేను ఏం చూపించాలి? రేపు పొద్దున బీన్ బ్యాగులు వస్తున్నాయి. మీరు ఖాళీ చేయాలి."

"మాటిచ్చారు గదయ్యా."

"ఇచ్చాను. కానీ మాట కూడా మారాలి యలమంద గారూ. లేకపోతే మార్పు ఎలా వస్తుంది? మీ పదవి శాశ్వతం. చోటు మాత్రమే తాత్కాలికం. మీకో తోపుడు బండి ఇప్పిస్తాను. చలనశీల ఉపాధి. ఎక్కడైనా ఉండొచ్చు."

"ఎక్కడైనా అంటే?"

"ఇక్కడ తప్ప."

ఆయన వెళ్ళాక మస్తానమ్మ గేట్లోంచి బయటికి వచ్చి నడుం మీద చేతులేసుకుంది. "ఏం మనిషివి మామా! ఒక్క మాటన్నా అనవేంది? నేనైతే ఆ కోటుకి లేని చేతులు కూడా పీకి పారేసేదాన్ని."

"చూద్దాంలే" అన్నాను.

"ఇంకేంది చూసేది? ఇయ్యాళ మెట్ల కింద నువ్వు పోయావ్. రేపు గేటు పక్కన నేను పోతా."

గేటు దగ్గర మైకు సర్దుతున్న శెట్టిగారు ఆ మాట విని తలొంచుకున్నారు. ఆయన ఇత్తడి బిందె ఇంకా దొరకలేదు. గోడలు పోయాక స్టీలు గ్లాసులు కూడా దొరకటం మానేశాయి.

మర్నాడు పొద్దున్నే నేను ఎప్పటిలాగే వచ్చాను. గోనెపట్టా పరిచాను. కూర్చున్నాను. రోడ్డు దాకా వెళ్ళలేదు. కొత్తవాడిలా తిరిగి రాలేదు. మెడలో బిళ్ళ తీసి మేక్కి తగిలించాను. పుల్ల విరిగిన నల్ల గొడుగొకటి చాలా రోజులుగా ఉంటే విప్పి ఒళ్ళో పెట్టుకున్నాను.

బీన్ బ్యాగులు ట్రాలీ ఆటోలో వచ్చాయి. ఆటో అబ్బాయి దింపబోయాడు.

"ఆగవయ్యా" అన్నారు శెట్టిగారు మైకులో. "బోణీ కాలేదు. అప్పగింత చెల్లనేరదు."

కైలాసనాథ్ గారు పరుగెత్తుకొచ్చాడు. "యలమంద గారూ, లేవండి లేవండి, బోణీ చేయండి. తొందరగా. ఆశ్చర్యం లేకపోయినా ఫర్వాలేదు."

"చేతిలో పనుందయ్యా" అన్నాను.

"అయితే ముందు చోటు ఖాళీ చేయండి! వాచ్‌మన్! ఈయన సామాన్లు తీసి బయట పెట్టు."

వాచ్‌మన్ శెట్టిగారి వైపు చూశాడు. శెట్టిగారు ఉత్తర్వు కాయితం తీశారు, కళ్ళజోడు తుడుచుకున్నారు, గొంతు సవరించుకున్నారు. తొందరపడలేదు.

"స్వాధీనము గానీ" అని చదివారు. "చెల్లనేరదు. సంతకం మీదేనండీ."

అప్పటికి గేటు బయట జనం చేరారు. కైలాసనాథ్ గారు వాళ్ళ వైపు తిరిగాడు. "ఎవరో ఒకరు లోపలికి రండి! ఒక్కరు చాలు!" జనం మర్యాదగా ఒకడుగు వెనక్కి వేశారు.

"మీరే పదండి సారూ" అంది మస్తానమ్మ. "మీ చెయ్యి మంచిది. మీ చేత్తో బోణీ పడితే మాకిక తిరుగుండదు."

ఆయన గేట్లోంచి లోపలికి చూశాడు. ఈ చివరనించి ఆ చివర దాకా కొట్లవాళ్ళంతా లేచి నిలబడ్డారు. ఒకడి చేతిలో దుప్పటి, ఒకడి చేతిలో కుక్కరు, ధర్మారావు చేతిలో నిన్నటి లడ్లు. అందరి మొహాల్లోనూ నవ్వు. ఆయన ఎత్తిన కాలు మెల్లిగా ఇవతలే దింపాడు.

అంతలో పెద్దల కార్లొచ్చాయి. దిగి చూశారు.

"జనమంతా బయటే ఉన్నారేమిటి?"

"సాంద్రత అండీ" అన్నాడు కైలాసనాథ్ గారు.

పెద్దలు గేటు దాకా నడిచారు. గేటు మీద ఉత్తర్వు బోర్డు ఉంది. వాళ్ళు చదువుకున్నవాళ్ళు. నిలబడి పూర్తిగా చదివారు. చదివాక వాళ్ళూ జనంలో కలిసి నిలబడ్డారు. "మీరు పదండి" అని ఒకాయన ఇంకొకాయనతో అనటం వినబడింది. బీన్ బ్యాగులు దిగకుండా ఆటోలోనే ఉన్నాయి. మస్తానమ్మ గొంతు లేపి, గోడ ఎక్కడినించి ఎక్కడి దాకా ఉండేదో పెద్దల్లో ఒకాయనకి చేత్తో గాల్లో గీసి చూపిస్తోంది. ఆయన తలాడిస్తున్నాడు.

నా ముందు ఎవరో వంగారు. మొదటి రోజు జాలీకి వచ్చినావిడ. గేటు వైపు పాముని చూసినట్టు చూస్తూ చిన్నగా అడిగింది.

"తాతా, ఆ రోజు కొన్న జాలీ లోపలే మర్చిపోయినా. అప్పట్నించీ చీరముక్కలో వడబోసుకుంటన్నాం. లోపలికి పోకుండా ఒకటి దొరికిద్దా?"

చెయ్యి వెనక్కి పెట్టాను. మొదట తగిలిందే జాలీ. తీసి ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ కొంగులో దాచుకుని, చకచకా బస్టాపు వైపు వెళ్ళిపోయింది. శెట్టిగారు చూశారు. మైకు నోటి దగ్గరికి తెచ్చుకుని, మళ్ళీ దింపేశారు.

అదీ ఇచ్చిపుచ్చుకోలు కిందికే వస్తుంది. బోణీకి ముందు చెల్లదు. అంటే నేను ఇవ్వలేదు, ఆవిడ పుచ్చుకోలేదు.

నేను గొడుగు పుల్ల దగ్గరికి చెయ్యి పోనిచ్చాను.